తెల్లారి 148, మధ్యాహ్నం 41: మా మేడ మీది సెన్సర్ చూపిస్తున్నది దుమ్మా, తేమా?

గాజువాక మేడ:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో గాజువాక. అమ్మకి ఆయాసం ఉంది. అయినా తెల్లారకముందే వాకింగ్‌కి వెళ్లందే ఆవిడకి తోచదు. ఏ వేళకి గాలి కాస్త నయంగా ఉంటుందో చూసి చెబుదామని మేడ మీద చిన్న సెన్సర్ కట్టాను. గాలిలో నలుసుల్ని కొలిచే పీఎంఎస్ 5003, దానికి ఈఎస్‌పీ 8266 బోర్డు, తేమకీ ఉష్ణోగ్రతకీ బీఎంఈ 280. మూడూ కలిపి ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి, అడుగున రంధ్రాలు చేసి, వాటర్ ట్యాంకు నీడలో వేలాడదీశాను.

సంక్రాంతి ముందు ఒక రోజు లెక్క ఇది. ఉదయం 6 గంటలకి నా సెన్సర్‌లో పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న నలుసులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనపు మీటరుకి 148 మైక్రోగ్రాములు. అదే టైముకి దగ్గర్లో ఉన్న పొల్యూషన్ బోర్డు స్టేషన్లో 71. ఫోన్లో వాతావరణం యాప్ తేమ 93 శాతం అంది, నా బాక్సులో బీఎంఈ 82 అంది. మధ్యాహ్నం ఒంటిగంటకి నాది 41, బోర్డుది 34. యాప్‌లో తేమ 60, బాక్సులో 50.

ఇంకో సంగతి. మేడ మీంచి తూర్పుకి చూస్తే యారాడ కొండ కనిపిస్తుంది, ఐదారు కిలోమీటర్లు ఉంటుందేమో. పొద్దున తెల్లటి మసకలో కొండ అంచు గీతలా తెలుస్తుందంతే. సాయంత్రం నాలుగింటికి చూస్తే చెట్లున్న చోటు, బండలున్న చోటు విడివిడిగా తెలుస్తాయి. సెన్సర్ అంకె పొద్దునా సాయంత్రం దాదాపు ఒకేలా ఉన్న రోజున కూడా కొండ మాత్రం ఒకేలా కనబడదు.

నా డౌట్లు: చవక సెన్సర్ కాబట్టి అబద్ధం చెబుతోందా? అన్నీ రెండుతో భాగించెయ్ అని మా ఫ్రెండ్ అంటున్నాడు, అది సరేనా? యాప్‌కీ బీఎంఈకీ అంత తేడా ఉందంటే బీఎంఈ పాడైనట్టేనా? కొత్తది ఆర్డర్ పెట్టబోయే ముందు అడుగుదామని.

మేడ్చల్ మబ్బు:

ఇందులో టెన్షన్ పడాల్సిందేం లేదు బ్రో. చలికాలం పొద్దున నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, దుమ్ము పైకి పోలేక కిందే ఉండిపోతాయి. ఎండెక్కాక గాలి పైకీ కిందకీ కలుస్తుంది, అంకె దిగిపోతుంది. మా హైదరాబాద్‌లోనూ అంతే. సెన్సర్ చెప్పేది కరెక్టే.

పాత నెఫెలోమీటర్:

గాజువాక బాబూ, ముందు ఆ కొత్త బీఎంఈ ఆర్డర్ ఆపండి. మీ బాక్సులో మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే రీడింగ్ అదే ఇస్తోంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మేడ్చల్ గారు చెప్పింది నిజమే, కానీ సగం. విశాఖలో ఇంకా గట్టిగా నిజం. ఉత్తరాన కైలాసగిరి వైపు కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు. రాత్రి నేల మీంచి సముద్రం వైపు పోయే గాలి బలహీనంగా ఉంటుంది కాబట్టి పొగ ఆ గిన్నెలోనే తిరుగుతుంది. అందుకే బోర్డు అంకె కూడా పొద్దున ఎక్కువే: 34 నుంచి 71, అంటే రెండు రెట్ల పైచిలుకు. కానీ మీ అంకె మూడున్నర రెట్లు దాటింది. గాలి అదే, వేళ అదే. బోర్డుకి కనబడనిది మీకు ఒకటి కనబడుతోంది. అది నీళ్లు.

నేను చాలా ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. తీరంలో ఒక స్టేషన్లో నెఫెలోమీటర్ బాగోగులు చూసుకునేవాణ్ణి. చూడ్డానికి ఏమీ ఉండదు: లోపల నల్లరంగు పూసిన గొట్టం, ఒక దీపం, చివర వెలుగుని లెక్కపెట్టే గొట్టం ఇంకొకటి. గాలి లోపలికొస్తుంది, అందులోని నలుసులకి తగిలి వెలుగు ఎంత చెదిరిందో అది కొలుస్తుంది. తూకం దాని పని కాదు. మీ పీఎంఎస్ 5003 కూడా జాతికి అదే. ఎర్ర లేజర్ ఒకవైపు, దానికి లంబంగా ఫొటోడయోడ్ ఒకటి, గాలి లాగడానికి చిన్న ఫ్యాను. చెదిరిన వెలుగుని మైక్రోగ్రాముల్లోకి మార్చేది లోపలున్న ప్రోగ్రాము. ఫ్యాక్టరీలో ఏదో ఒక దుమ్ముతో సరిచూసి పెట్టిన లెక్క అది. గాజువాక గాలిలో తెల్లారుజామున ఏం తేలుతోందో దానికేం తెలుసు? 0.3 మైక్రాన్, 0.5 మైక్రాన్ అని విడివిడిగా సంఖ్యలు కూడా చూపిస్తుంది చూశారా, వాటిని నేనైతే పట్టించుకోను.

ఇప్పుడు నలుసుల సంగతి. పీఎం 2.5 అంటే అంతా మట్టి కాదు. అందులో అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది, నైట్రేట్ ఉంటుంది, సముద్రపు ఉప్పు ఉంటుంది, పొగలోంచి వచ్చిన జిగురు పదార్థాలు, మసి, ధూళి ఉంటాయి. సల్ఫేట్, నైట్రేట్, ఉప్పు నీటి ఆవిరిని పీల్చుకుని ఉబ్బుతాయి. పొగలోని సేంద్రియ పదార్థాలు కొద్దిగా పీలుస్తాయి. అప్పుడే పుట్టిన మసి, మట్టి దాదాపు పీల్చవు. ఈ నీటి ఆశని ఒకే అంకెతో చెప్పడానికి కప్పా అని పెట్టుకున్నారు, 2007 నుంచి అందరూ అదే వాడుతున్నారు. అమ్మోనియం సల్ఫేట్‌కి 0.6 దరిదాపు, ఉప్పుకి 1 పైన, సేంద్రియాలకి 0.1 అటూ ఇటూ, మసికి సున్నా అనుకోవచ్చు. నేల మీది మామూలు గాలికి అన్నీ కలిపి 0.3 అనుకుంటే పెద్దగా తప్పు ఉండదు.

ఆ 0.3తో లెక్క వేస్తే, తేమ 70 శాతం దగ్గర నలుసు ఘనపరిమాణం ఎండుగా ఉన్నప్పటికి 1.7 రెట్లు అవుతుంది. 90 దగ్గర 3.7 రెట్లు. 95 దగ్గర 6.7 రెట్లు. చూశారా, 70 దాకా నెమ్మదిగా నడిచింది 90 దాటాక పరుగందుకుంటుంది. ఇందుకే వేసవి మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఇలాంటి సెన్సర్ పెట్టుకున్నవాళ్లకి ఈ బాధ తెలియదు, తీరంలో మనకి రోజూ ఉంటుంది.

ఉబ్బిన నలుసు వెలుగుని రెండు రకాలుగా ఎక్కువ చెదరగొడుతుంది. ఒకటి, వెలుగుకి అడ్డంపడే వైశాల్యం పెరుగుతుంది. రెండోది అంతకంటే ముఖ్యం. మనం చూసే వెలుగు తరంగదైర్ఘ్యం అర మైక్రానుకి కాస్త అటూ ఇటూ. నలుసు ఆ సైజుకి దగ్గరయ్యే కొద్దీ చెదరగొట్టే శక్తి వైశాల్యం లెక్కని మించి పెరుగుతుంది. 0.2 మైక్రాన్ నలుసు తెల్లారుజామున 0.3 పైకి వచ్చిందంటే, సెన్సర్‌కి అంతవరకూ సరిగ్గా కనబడని నలుసు కూడా కనబడటం మొదలవుతుంది. నీళ్లు చేరేకొద్దీ వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సల్ఫేట్ 1.53 నుంచి నీటి 1.33 వైపు దిగుతుంది కాబట్టి కొంత తగ్గుదలా ఉంటుంది. కానీ సైజు పెరుగుదల ముందు అది నిలబడదు.

మరి బోర్డు యంత్రానికి ఈ గొడవ ఎందుకు లేదు? నలుసుల్ని అది టేపు మీద పట్టి, బీటా కిరణాలు పంపి, ఎన్ని ఆగాయో చూసి బరువు కడుతుంది. అంతకంటే ముఖ్యం, గాలి లోపలికొచ్చే గొట్టానికి హీటరు ఉంటుంది. మామూలుగా తేమ 35 శాతం దగ్గరికి దిగేలా వేడి చేస్తారు. ఫిల్టర్ కాగితం తూచే పద్ధతిలోనూ అంతే: అమెరికాలో 30 నుంచి 40 శాతం తేమలో ఒక రోజంతా ఉంచాకే తూకానికి పెడతారు. మన దేశంలో 2009 నుంచి ఉన్న 24 గంటల పరిమితి 60 మైక్రోగ్రాములు. ఆ 60 అన్నది నీళ్లు పోగా మిగిలిన నలుసు బరువుకి. మీ 148ని ఆ 60 పక్కన పెట్టి భయపడక్కర్లేదు.

ఇక బీఎంఈ. బయట 93, బాక్సులో 82 ఎందుకంటే ఈఎస్‌పీ బోర్డు వేడికి, ఫ్యాను మోటారు వేడికి బాక్సు లోపల బయటికంటే రెండు డిగ్రీలు ఎక్కువ ఉంది. బయట 20 డిగ్రీలు, లోపల 22 అనుకోండి. గాలిలో ఆవిరి అంతే ఉన్నా, 22 డిగ్రీల గాలి ఎక్కువ ఆవిరి పట్టగలదు కాబట్టి 93 కాస్తా 82 అవుతుంది. లేజర్ కిందకి వచ్చే నలుసు ఉన్నది ఆ 82 శాతం గాలిలోనే. ఇంత చిన్న నలుసులు కొత్త తేమకి సర్దుకోడానికి క్షణం చాలు. కాబట్టి దిద్దుబాటుకి యాప్ అంకె వాడకూడదు, బీఎంఈది వాడాలి.

లెక్క ఇలా. తేమ 0.82. ఒకటిలోంచి తీసేస్తే 0.18. 0.82ని 0.18తో భాగిస్తే 4.56. కప్పా 0.3తో గుణిస్తే 1.37. అంటే ఎండు నలుసు ఎంతుందో దానికి 1.37 రెట్ల నీళ్లు చేరాయి. అది పరిమాణం లెక్క. బరువు కావాలంటే ఎండు నలుసు సాంద్రతతో భాగించాలి, 1.65 అనుకుందాం: 0.83. నలుసు సొంత బరువు 1 కలిపితే 1.83. ఇప్పుడు 148ని 1.83తో భాగించండి, 81 వస్తుంది. బోర్డు 71 అంది. మధ్యాహ్నం 50 శాతానికి ఇదే లెక్క వేస్తే భాగహారం 1.18. 41 కాస్తా 35 అవుతుంది, బోర్డు 34. చవక సెన్సర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

అదే యాప్ వాళ్ల 93 పెట్టి చూడండి. భాగహారం 3.4, మీ 148 కాస్తా 43 అయిపోతుంది. పొద్దున గాలి బ్రహ్మాండంగా ఉందని అమ్మగారిని పంపించేస్తారు.

మీ ఫ్రెండ్ చెప్పిన ‘రెండుతో భాగించెయ్’ పొద్దున దాదాపు పనిచేస్తుంది, మధ్యాహ్నం చెడగొడుతుంది. ఏ వేళ నయమో తెలుసుకోవడం కదా మీక్కావాల్సింది, రోజంతటికీ ఒకే భాగహారం పెడితే ఉన్న ఎగుడుదిగుడు అలాగే ఉండిపోతుంది, నీళ్లతో సహా.

కొండ సంగతి వేరే చెప్పాలి. మీ కంటికీ కొండకీ మధ్య ఉన్న గాలిని ఎవరూ వేడి చెయ్యట్లేదు. అక్కడ తేమ 93 శాతమే. ఎండు నలుసుల బరువు మధ్యాహ్నం కంటే రెండు రెట్లు, వాటి మీద ఉబ్బు వల్ల వైశాల్యం ఇంకో రెండున్నర రెట్ల దగ్గర. రెండూ కలిపితే వెలుగు చెదరడం ఉజ్జాయింపుగా ఐదు రెట్లు. ఎంతదూరం కనిపిస్తుందన్నది దానికి విలోమంగా ఉంటుంది. 1924లో కాష్మీదర్ అనే జర్మన్ ఆయన ఇచ్చిన సూత్రం: 3.9ని గాలి వెలుగుని మింగే, చెదరగొట్టే మొత్తంతో భాగిస్తే వచ్చేదే దృశ్యమానత. మధ్యాహ్నం పాతిక కిలోమీటర్లు కనబడేది పొద్దున ఐదుకి పడిపోతుంది. మీ కొండ సరిగ్గా ఆ ఐదారు కిలోమీటర్లలోనే ఉంది, గీతలా కనబడక ఇంకెలా కనబడుతుంది?

అంకె ఒకటే ఉన్న రోజు కూడా కొండ మారుతోందన్నారు. దానికి తేమతో పాటు సూర్యుడు కారణం. పొద్దున మీరు తూర్పుకి చూస్తున్నారు, సూర్యుడు కొండ వెనకే. నలుసులు వెలుగుని నాలుగు వైపులా సమానంగా పంచవు. ఎటు పోతోందో అటే ఎక్కువగా తోస్తాయి, ఉబ్బిన నలుసైతే మరీను. అది నేరుగా మీ కంట్లోకి వస్తుంది. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. అదే మసక, కానీ మీ వైపు తిరిగొచ్చే వెలుగు తక్కువ. కావాలంటే పొద్దున అటు కాకుండా పడమటి దిక్కున ఉన్న గుట్టల్ని చూసి పోల్చండి.

అమ్మగారికి సంబంధించినంతవరకు: నీళ్లు తీసేసినా పొద్దున 70, 80 మధ్యలో ఉంది, మధ్యాహ్నానికి సగం. నలుసు ముక్కు దాటి లోపలికి వెళ్లాక అక్కడి తేమ 99 శాతం పైన, ఎలాగూ ఉబ్బుతుంది. అందుకని పట్టించుకోవాల్సింది ఎండు బరువునే. చలికాలం నాలుగు నెలలూ ఆరింటి నడకని తొమ్మిది తర్వాతకో సాయంత్రం ఐదుకో మార్చమనండి. మందుల సంగతి మాత్రం డాక్టరుగారితోనే.

మేడ్చల్ మబ్బు:

సూపర్ సార్. ఒక్క డౌట్. వాన పడినప్పుడు తేమ 95 ఉంటుంది కదా, మరి అప్పుడు సెన్సర్ అంకె తగ్గుతుందేంటి?

పాత నెఫెలోమీటర్:

ఉబ్బడానికి నలుసు ఉండాలిగా. వాన వాటిని కడిగేస్తుంది, సముద్రం మీంచి కొత్త గాలి తెస్తుంది. నీటి ఆవిరి తనంతట తాను కనబడదు, వెలుగుకి అడ్డం రాదు. వాన వెలిసిన సాయంత్రం తేమ 90 ఉన్నా కొండ కడిగి ఆరేసినట్టు ఉంటుంది చూడండి, అదే.

నౌపడ తీరం:

మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర, ఉప్పు మడుల ఊరు. చిన్నప్పటి నుంచీ ఉప్పు నీరుకారడం చూస్తూనే ఉన్నాం. వానాకాలం వస్తే బస్తా కింద నేల తడి. అది ఎండాలంటే మబ్బు పోతే చాలదు, గట్టి పొడిగాలి కొట్టాలి. మరి మీ లెక్కలో తేమ తగ్గగానే నలుసు కూడా సన్నబడిపోయింది. ఉప్పు అలా మాట వినే రకం కాదండి. పైగా సముద్రం పక్కన కప్పా 0.3 ఏంటి, 1 పెట్టాలి కదా?

పాత నెఫెలోమీటర్:

మీలాంటివాళ్లు అడుగుతారనే ఎదురుచూస్తున్నాను. శుద్ధమైన ఉప్పు గడ్డ 75 శాతం తేమ దాకా గడ్డగానే ఉండి, అక్కడ ఒక్కసారిగా కరిగి బొట్టయిపోతుంది. అమ్మోనియం సల్ఫేట్‌కి ఆ గడప 80 శాతం. వంటింట్లో కల్లుప్పు జాడీ అంతకంటే ముందే చెమ్మగిల్లుతుంది, అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి మూడో వంతు తేమ చాలు కాబట్టి.

దిగేటప్పుడు దారి వేరు. మీరన్నట్టే. ఒకసారి కరిగిన ఉప్పు నలుసు 75 దగ్గర తిరిగి గడ్డకట్టదు, 45 శాతం దాకా దిగినా బొట్టుగానే ఉంటుంది. సల్ఫేట్ అయితే 35 దాకా. ఒకే తేమ దగ్గర, ఎక్కుతున్న నలుసు పొడిగా, దిగుతున్న నలుసు తడిగా ఉండొచ్చు. నెఫెలోమీటర్ ముందు తేమని పెంచుతూ ఒకసారి, దించుతూ ఒకసారి గీత గీయిస్తే రెండు గీతలు కలవవు, మధ్యలో ఖాళీ ఉంటుంది. మొదటిసారి ఆ ఖాళీ చూసినవాడెవడైనా గొట్టంలో లీకుందేమో అని వెతుకుతాడు.

అయితే విశాఖలో దీనివల్ల లెక్క సులువే అయింది. అక్కడ తేమ 45 కిందకి దిగే రోజులు తక్కువ. రాత్రి కరిగిన నలుసు పగలంతా కరిగే ఉంటుంది, మళ్లీ రాత్రి వస్తుంది. గడ్డకట్టే అవకాశమే రాదు. పైగా గాలిలో నలుసు ఒకే పదార్థం కాదు, సేంద్రియాలు కలిసిన కలగూర కాబట్టి గడపలు అరిగిపోతాయి. కప్పా సూత్రంలో గడప ఉండదు, అయినా అక్కడ సరిపోయేది అందుకే. రాయలసీమలో వేసవిలో పెడితే నేను ఇంత ధీమాగా చెప్పను.

ఇక 1 ఎందుకు పెట్టలేదంటే, సముద్రపు ఉప్పు బరువులో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ దాటిన ముతక నలుసుల్లో ఉంటుంది. పీఎంఎస్‌కి ముతకవి సరిగ్గా కనబడవు. చలికాలం పొద్దున గాజువాకలో నేల మీంచి వచ్చే పొగే ఎక్కువ. సముద్రపు గాలి గట్టిగా కొట్టే రోజు మీ మాటే నిజం, 0.3 చాలదు.

నాక్స్‌విల్ నుంచి:

అంకుల్ గారూ, మేముండేది అమెరికాలోని టెనెసీలో, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి దగ్గర్లో. ఈ సబ్జెక్టు ఇక్కడ పార్కులవాళ్ల రోజువారీ లెక్క. అడవి చెట్లు వదిలే ఆవిర్ల వల్ల వచ్చే నీలి మసక ఎప్పట్నుంచో ఉంది, పేరే దాన్నిబట్టి వచ్చింది. తెల్లటి మసక మాత్రం బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకం వల్ల. జాతీయ పార్కుల్లో దృశ్యమానత లెక్కకట్టడానికి మొదట వాడిన సమీకరణంలో సల్ఫేట్, నైట్రేట్ ఒక్కో మైక్రోగ్రాముకి 3 పెట్టి, దాన్ని తేమని బట్టి మారే ఇంకో గుణకంతో పెంచేవారు. సేంద్రియాలకి 4, మసికి 10, సన్నమట్టికి 1, వీటికి తేమ గుణకమే లేదు. వేసవిలో ఇక్కడ తేమ ఎక్కువ, సల్ఫేట్ కూడా అప్పుడే ఎక్కువ తయారవుతుంది. అందుకే ఒకప్పుడు జూలైలో కొండెక్కినవాళ్లకి ఏమీ కనబడేది కాదట. 1990లో గాలి కాలుష్య చట్టాన్ని సవరించిన తర్వాత గంధకం తగ్గించారు, ఇప్పుడు చాలా తేడా ఉంది.

ఇక్కడ ఇళ్ల మీద పెట్టుకునే పర్పుల్‌ఎయిర్ డబ్బాల్లో చాలావాటిలో కూడా ఇదే పీఎంఎస్ 5003. వాటికి పర్యావరణ సంస్థ ఈపీఏ మొదట ఒక దిద్దుబాటు ఇచ్చింది: రీడింగ్‌ని 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపాలి. గాజువాక అన్నగారు అది వాడొచ్చు కదా?

పాత నెఫెలోమీటర్:

వాడొచ్చు, కానీ ఆ గుణకాలు అమెరికా గాలికి, అమెరికా స్టేషన్ల పక్కన పెట్టి తీసినవి. 148, 82 పెట్టి చూస్తే 76 వస్తుంది, బానే ఉంది. 41, 50 పెడితే 23, బోర్డు 34 కంటే బాగా తక్కువ. అందులో తేమ వల్ల తీసేసేది ఎప్పుడూ తొమ్మిది మైక్రోగ్రాములు దాటదు, అసలు కోత అంతా ఆ 0.524లోనే ఉంది. అంటే గాజువాక బాబు ఫ్రెండ్ గారి ‘రెండుతో భాగించెయ్’కి చదువుకున్న అన్నయ్య అన్నమాట. మన దగ్గర పొద్దునకీ మధ్యాహ్నానికీ తేమ ఇంతలా మారే చోట నేను నీటి లెక్క వేసే సూత్రాన్నే నమ్ముతాను.

గాజువాక బాబూ, ఇంకోటి, భోగి. మొన్న తెల్లారుజామున మంటల వేళ మీ సెన్సర్ అంకె ఎక్కడికి పోయిందో నేను ఊహించగలను. కట్టెల పొగ అప్పటికప్పుడు పెద్దగా నీళ్లు పీల్చదు. కానీ పీవీసీ ప్లాస్టిక్ సామాన్లు వేశారనుకోండి, అందులోంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. గాలిలోని అమ్మోనియాతో కలిస్తే అమ్మోనియం క్లోరైడ్. దానికి నీళ్లంటే మహా ఆశ. ఢిల్లీ చలికాలపు మసకలో నలుసులు పీల్చే నీటిలో సగం దాకా ఈ క్లోరైడ్ వల్లేనని 2021లో ఐఐటీ మద్రాస్ వాళ్లు మరికొందరితో కలిసి లెక్క తేల్చారు. 2018 భోగికి చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగలేక దారి మళ్లించాల్సి వచ్చింది. చల్లటి తేమ గాలి, దాంట్లో పొగ, మనుషులు కావాలని ఎంచుకున్నట్టే సరిగ్గా ఆ వేళకే. మంట వెయ్యొద్దని నేను చెబితే వినేదెవరు గానీ, పిడకలూ కట్టెలతో సరిపెట్టుకోవచ్చు.

గాజువాక మేడ:

మాస్టారూ, చాలా థాంక్స్. బీఎంఈ ఆర్డర్ పెట్టలేదు. అమ్మకి చెబితే ‘తొమ్మిదింటికి ఎండలో ఎవరు నడుస్తారు’ అంటోంది, సాయంత్రానికి మాత్రం ఒప్పుకుంది. బోర్డువాళ్లలాగే నేను కూడా గొట్టానికి హీటర్ పెడితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి కదా? రాగి పైపు, దానికి చుట్టే హీటింగ్ టేపు మా షాపుల్లో దొరుకుతాయి.

పాత నెఫెలోమీటర్:

పెట్టొచ్చు. రెండు జాగ్రత్తలు. వేడి ఎక్కువైతే నీళ్లతో పాటు అమ్మోనియం నైట్రేట్ కూడా ఆవిరైపోతుంది, పొగలోని తేలిక పదార్థాలూ పోతాయి. చలికాలంలో నైట్రేట్ తక్కువేం ఉండదు, అప్పుడు అంకె నిజం కంటే కిందకి దిగుతుంది. అందుకని మండించకండి. బయటికంటే ఐదారు డిగ్రీలు ఎక్కువుంటే చాలు, 93 శాతం 65 దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ కప్పా లెక్కలో ఉన్న తప్పు కూడా చిన్నదే. రెండోది, బీఎంఈని పీఎంఎస్ గాలి బయటికి పోయే రంధ్రం పక్కన పెట్టండి, పైపు బయట కాదు. లేజర్ చూసిన గాలి తేమ మీకు తెలియాలి.

హీటర్ లేకుండా నడిపినంత కాలం, బాక్సులో తేమ 90 దాటిన రీడింగులు దిద్దకండి, పక్కన పెట్టేయండి. బీఎంఈకి మూడు శాతం అటూ ఇటూ తప్పు సహజం. అది 92 అందంటే నిజంగా 89 కావచ్చు, 95 కావచ్చు. 89కి భాగహారం 2.5, 95కి 4.5. అంత తేడా వచ్చే చోట దిద్దుబాటు పేరుతో మీరు రాసేది మీ ఊహ.

ఒక నెల డేటా పోగయ్యాక మీ అంకెని బోర్డు అంకెతో భాగించి, ఆ నిష్పత్తిని బాక్సు తేమకి ఎదురుగా చుక్కలు పెట్టండి. తేమతో పాటు నిష్పత్తి పైకి వంగితే అది నీళ్లు. తేమ ఎంత ఉన్నా చుక్కలు అడ్డంగా ఒకే ఎత్తులో ఉంటే మీ సెన్సర్‌కి వేరే తప్పుంది, లేదా మీ వీధిలో బోర్డుకి కనబడని పొగ ఏదో ఉంది. వంపుకి సరిపడేలా 0.3ని కాస్త అటూ ఇటూ జరుపుకోండి. భోగి రోజు చుక్కలకి వేరే రంగు వేసి ఇక్కడ పెట్టండి, నౌపడ వారూ చూస్తారు.